జడ కోలాటంలో పుర్రచెయ్యి

మొన్న ఒక పెద్దాయన మా మందుల షాపుకి వచ్చాడు. నేను అమలాపురంలో ఒక షాపు కౌంటర్లో పనిచేస్తాను. ఆయన అడిగిన బీపీ బిళ్లలు కవర్లో పెట్టి అందించాను. ఆయన చెయ్యి చాపలేదు. నా చేతి వంకా, నా మొహం వంకా మార్చి మార్చి చూసి, "ఆ చేత్తో మందిస్తే రోగం తగ్గుద్దేంటమ్మా?" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "కుడిచేత్తో ఇస్తే తగ్గిపోద్దాండీ? అయితే బిళ్లలెందుకండీ, నా కుడిచెయ్యి ఓసారి చూసుకుని ఇంటికి వెళ్లిపోండి," అని నాలుక చివరిదాకా వచ్చింది. ఓనరుగారు పక్కనే ఉన్నారు. కవరు కుడిచేతిలోకి మార్చి, "తీసుకోండి బాబాయిగారూ," అన్నాను. ఆయన హాయిగా తీసుకుని వెళ్లిపోయాడు.

నాది ఎడమచేతి వాటం. మావైపు పుర్రచెయ్యి అంటారు. చిన్నప్పటినుంచీ ఈ చెయ్యి నాకు తెచ్చిపెట్టిన తగువులు ఇన్నీ అన్నీ కావు. వాటిల్లో చాలా వరకు నవ్వుకుంటూ చెప్పగలను. ఒక్కటి మాత్రం ఇప్పటికీ నవ్వుతూ చెప్పడం చేతకాదు. అది నేను పదో తరగతి చదివేటప్పటి కోలాటం సంగతి.

మా ఊరు పి.గన్నవరం దగ్గర. అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి, నేను ఒకటో తరగతిలో ఉండగా వెళ్లింది. నాన్న కొబ్బరికాయల లారీ తోలేవాడు. లోడెత్తుకుని వెళ్లాడంటే మళ్లీ ఇంటి మొహం ఎప్పుడు చూస్తాడో ఆయనకే తెలియదు. నన్ను పెంచింది అమ్మమ్మ. అన్నం కుడిచేత్తో తినడం అమ్మమ్మే నేర్పింది. నేర్పింది అని మర్యాదకి అంటున్నాను, అట్లకాడ పుచ్చుకుని నేర్పింది. దణ్ణం పెట్టుకోవడం, బొట్టు పెట్టుకోవడం, ఎవరికైనా ఏదైనా ఇవ్వడం, అన్నీ అట్లకాడ చదువే. ఆవిడ బడికి రాలేదు కాబట్టి రాత ఒక్కటీ నా ఎడమచేతికి మిగిలింది.

అమ్మ వెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. తనలాగే వెళుతున్న ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి వ్యాను ఎక్కింది. గోదావరి మీది అక్విడెక్టు వంతెన దాకా మేమూ వెళ్లాం. చుట్టాల పిల్లలు, పక్కింటి పిల్లలు, అందరం వరసగా నిలబడ్డాం. "కుడిచేత్తో ఊపండర్రా, శుభమా అని బయల్దేరింది," అంది అమ్మమ్మ. అందరూ కుడిచేతులు ఊపారు. నా చెయ్యి ఎప్పుడు నా మాట విన్నది గనక? ఎడమది లేచింది. అమ్మమ్మ దాని మీద ఫట్‌మని ఒక్కటి వేసింది. వ్యాను కిటికీలోంచి అమ్మ అది చూసింది. అప్పటిదాకా ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వింది. తనూ ఎడమచెయ్యి బయటికి పెట్టి నాకు ఊపింది. అమ్మది కుడిచేతి వాటమే. నా కోసం కావాలని అలా ఊపింది.

తర్వాత ఒక్కసారి సెలవు మీద వచ్చి వెళ్లింది. అప్పటికి నేను అయిదో తరగతి. మళ్లీ రాలేదు. శుక్రవారం ఒక్కరోజు ఆ ఇంట్లో తనకి కాస్త తీరిక దొరికేది, అప్పుడు ఫోను చేసేది. వీడియోలో మాట్లాడితే ఇల్లంతా బయటివాళ్లకి కనపడుతుందని ఆ ఇంటి మేడం ఒప్పుకునేది కాదు. అందుకని మాట వినడమే గానీ మొహాలు చూసుకోవడం ఉండేది కాదు. నేను ఫొటోలు పంపేదాన్ని. నాన్న పాత ఫోన్లో నా మొహం ఎప్పుడూ మసగ్గానే పడేది.

హైస్కూలు పక్క ఊళ్లో. కాలవ గట్టు మీద సైకిళ్లు వేసుకుని వెళ్లేవాళ్లం. మా వీధి ఆడపిల్లలంతా ఇద్దరిద్దరు పక్కపక్కన తొక్కుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ పోయేవారు. నేను వెనకాల. పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. క్లాసులోనూ అంతే. బెంచీ మీద మధ్యలో కూర్చుంటే రాసేటప్పుడు నా మోచెయ్యి పక్కపిల్ల మోచేతికి తగులుతుంది. "ఎహే, జరుగే!" అని ఒక్క తోపు తోసేవారు. అందుకని ఎప్పుడూ ఎడమ చివర కూర్చునేదాన్ని. పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా తక్కువే. "ఒసే పుర్రచెయ్యీ, ఆ స్కేలిలా పడెయ్యి," అనేవారు. వాళ్లకది తిట్టు కాదు. నేనేమో తలెత్తకుండా స్కేలు అందించేదాన్ని.

ఆ రోజుల్లో దేవుడు ప్రత్యక్షమై ఏం కావాలని అడిగితే నేను ఫస్టు మార్కులు అడిగేదాన్ని కాదు. ఆ గట్టు మీద ఎవరో ఒకరి సైకిలు పక్కన నా సైకిలు ఉండాలని అడిగేదాన్ని. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఆ ఏడు మా ఊరి అమ్మవారి తీర్థానికి, అంటే జాతరకి, ఆడపిల్లలతో జడ కోలాటం వేయించాలని పెద్దలు అనుకున్నారు. కె.గంగవరం వైపు నుంచి ఒక మాస్టారిని పిలిపించారు. గుడి ముందు మట్టి వాకిట్లో సరుగుడు గెడ ఒకటి పాతి, దాని కొసకి రంగురంగుల తాళ్లు కట్టారు. పదహారు మంది పిల్లలం. ఒక్కొక్కరూ ఎడమచేత్తో తాడు కొస పట్టుకోవాలి, కుడిచేతిలో కోలాటం కర్ర. సగంమంది ఇటు, సగంమంది అటు తిరుగుతూ, ఎదురొచ్చిన పిల్ల కర్రని మన కర్రతో కొట్టి, ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి దాటాలి. అలా తిరుగుతూ ఉంటే గెడ చుట్టూ తాళ్లు జడలా అల్లుకుంటాయి. మాస్టారు విజిల్ ఊదగానే ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే తిరిగితే జడ విడిపోతుంది. ఒక్కరు తప్పినా అంతే సంగతులు, తాళ్లన్నీ చిక్కుపడిపోతాయి.

జట్టులోకి నన్నూ పిలిచారంటే జోడీల లెక్కకి ఒకరు తక్కువపడ్డారని పిలిచారు. నాకేం, ఎగిరి గంతేశాను. మొదటిరోజే నా కర్ర ఎడమచేతిలోకి దానంతటదే వెళ్లిపోయింది. ఎదురొచ్చింది ఎదురింటి పిల్ల. నా కర్ర వెళ్లి దాని వేళ్ల మీద పడింది.

"అమ్మో! మాస్టారండీ, చూడండి, వేళ్లు వాచిపోయేయి. దీనికి చెప్పండీ!"

మాస్టారు నా దగ్గరికి వచ్చారు. "ఏదమ్మా, నీది పుర్రచెయ్యా? ముందే చెప్పొద్దేంటి తల్లీ."

"చెబితే మానిపించేస్తారేమోనండి."

ఆయన నవ్వారు. మంచి మనిషి. "మానిపించడం ఎందుకమ్మా. మార్చుకో. చెయ్యే కదా."

చెయ్యే కదా అనుకుని నేనూ మొదలుపెట్టాను. ఇంటికి రాగానే ఎడమ మణికట్టుకి రుమాలు కట్టి, ఆ కొస లంగా బొందులో దోపేసేదాన్ని. వాకిలి ఊడవడం, అంట్లు తోమడం, ముగ్గెయ్యడం, పచ్చడి నూరడం, అన్నీ కుడిచేత్తోనే. ముగ్గు గీతలు వంకరటింకరగా పోయేవి. తోమిన గిన్నెలకి మసి అలాగే ఉండేది. పడుకునేటప్పటికి భుజం లాగేసేది. అమ్మమ్మకి మాత్రం పండగే. "హమ్మయ్య, ఇన్నాళ్లకి అమ్మవారు కరుణించింది," అని వీధంతా చెప్పుకొచ్చింది. తను అన్నేళ్లు అట్లకాడతో చెయ్యలేని పని నేను ఒక సైకిలు పక్కన చోటు కోసం చేస్తున్నానని ఆవిడకి ఏం తెలుసు?

చివరికి చెయ్యి లొంగింది. కర్ర పడాల్సిన చోట పడడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున్న బడికి బయల్దేరుతుంటే ఎదురింటి పిల్ల కాలవ గట్టు మీద కాలు ఆన్చి నిలబడి ఉంది. "రావే, ఎంతసేపూ! టైమైపోతంది," అంది. నా కోసమే ఆగింది! ఆ రోజు పెడళ్లు తొక్కానో, సైకిలే నన్ను మోసుకెళ్లిందో నాకు తెలియదు. దారిపొడుగునా అది ఏదో చెబుతూనే ఉంది. నేను ఊ కొడుతూనే ఉన్నాను. బడి ఇంకా దూరంగా ఉంటే బాగుండేదనిపించింది.

తీర్థం ముందురోజు సాయంత్రం ఎదురింటివాళ్ల అరుగు మీద అందరం గోరింటాకు పెట్టుకున్నాం. నా చేతికి ఒకళ్లు పెడుతుంటే నోట్లో ఇంకొకళ్లు జంతిక ముక్క పెట్టారు. అబద్ధం ఎందుకు, నాకు ఎంతో సంతోషంగా ఉంది. అయినా ఒక సంగతి చెప్పాలి. ఆడుతున్నంతసేపూ వాళ్లు పాట పాడుతూ, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకుంటూ ఆడేవారు. నేను మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుంటూ ఆడేదాన్ని. లెక్క వదిలానా, చెయ్యి మారిపోతుంది. అంతమంది మధ్యలో ఉండి కూడా నాకు ఒక్క నవ్వు నవ్వడానికి తీరిక ఉండేది కాదు.

తీర్థం రోజున అందరికీ ఒకటే అలంకారం. అరిటాకు రంగు లంగా, వంకాయ రంగు ఓణీ, తల నిండా కనకాంబరాలు. జడలన్నీ ఒకే పొడుగు ఉండాలని జుట్టు పొట్టిగా ఉన్నవాళ్లకి సవరాలు పెట్టారు. మొహాలకి పౌడరు దట్టించి, అందరికీ ఒకే రంగు లిప్‌స్టిక్కు పూశారు. మేం తిరుగుతుంటే జనం ఈలలు, చప్పట్లు. జడ చక్కగా అల్లుకుంది, చక్కగా విడిపోయింది. నేను ఒక్క అడుగు తప్పలేదు. మాస్టారు వచ్చి నా నెత్తి మీద చెయ్యి వేసి, "శెబాషమ్మా, నీది పుర్రచెయ్యని ఎవడన్నా అంటాడా?" అన్నారు. ఎదురింటి అత్త మొత్తం ఫోన్లో వీడియో తీసింది. ఆవిడ చేతే అమ్మకి పంపించాను.

శుక్రవారం కోసం కాచుక్కూర్చున్నాను. మొదటి మోతకే ఫోన్ ఎత్తాను.

"చూసేనే బంగారం," అంది అమ్మ. గొంతు నిండా సంతోషం. "ఎన్నిసార్లు చూసేనో. ఇక్కడ నాతో పనిచేసే ఆవిడకి కూడా చూపించేను. ఎంత ఒడ్డూ పొడుగూ అయ్యేవే! నవ్వుతుంటే అచ్చం మా పెద్దక్కలాగే ఉన్నావు. వీడియో తీసినావిడకి దగ్గరగా ఉన్నావు చూడు, ముక్కుపుడక పెట్టుకుని, అది నువ్వే కదా?"

ముక్కుపుడక పెట్టుకున్నది ఎదురింటి పిల్ల. వాళ్లమ్మ వీడియో తీస్తోంది కాబట్టి ఫోను ఎక్కువగా దాని మీదే ఉంది. నేను అటువైపెక్కడో తిరుగుతున్నాను. నాకు ముక్కే కుట్టించలేదు.

కాదమ్మా అనాలి. అంత సంతోషంగా అడుగుతున్న మనిషికి కాదని ఎలా చెప్పను? "ఆయ్ అమ్మా," అన్నాను. "నేనే."

"మరి చెయ్యి మార్చేసేవేంటే?" అంది.

"కోలాటానికి మార్చుకున్నాను."

"అదా. నేను మొదట మొహాలు చూడలేదే. అంతమందిలో ఏ మొహం ఎవరిదో ఏం తెలుస్తాది? పుర్రచెయ్యి ఎక్కడ లేస్తాదా అని చూసేను. ఒక్కదానికీ లేదు. నిన్ను రానివ్వలేదేమో, ఇంటికాడ వదిలేసి వెళ్లిపోయేరేమో అనుకున్నాను. ఏడుపొచ్చేసింది. మళ్లీ మొదట్నుంచీ చూసి, మొహాన్ని బట్టి పోల్చుకున్నాను." మళ్లీ తనే నవ్వింది. "పోనీలే. మా అమ్మ పోరు తగ్గింది నీకు."

ఫోన్ పెట్టేశాక పెరట్లో కొబ్బరి మట్టల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. కన్నతల్లి నన్ను వెతుక్కుని, దొరక్క, ఎదురింటి పిల్లని చూసి మురిసిపోయింది. నేనేమో సరే అన్నాను. నన్ను గుర్తుపట్టడానికి ఆవిడ దగ్గర ఉన్నది ఒకే ఒక్క గుర్తు. దాన్ని నేనే రుమాలుతో కట్టిపడేశాను. అప్పటిదాకా ఆ చెయ్యంటే నాకు సిగ్గే. దాన్ని చూసుకునే మనిషి ఒకరు ఎక్కడో ఉన్నారని నాకు తెలియదు.

కొన్నాళ్లకి నగరం అనే పల్లె పక్క ఊరివాళ్లు వాళ్ల తీర్థానికి మా జట్టుని రమ్మన్నారు. మళ్లీ సాధన మొదలైంది. మొదటిరోజే మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"మాస్టారండీ, నేను పుర్రచేత్తో ఆడతానండి."

"అదేంటమ్మా? కుడిచెయ్యి బానే వచ్చేసింది కదా."

"వచ్చిందండి. మా అమ్మకి నేను కనపడలేదండి."

వెనకాల నుంచి ఒక పిల్ల, "కువైట్ దాకా కనపడాలేంటే నువ్వు?" అంది. అందరూ గొల్లుమన్నారు. నాకు కోపం నషాళానికి అంటింది. "నీకేమే, మీ అమ్మ మూడుపూటలా గుమ్మంలో నిలబడి పిలుస్తాది," అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. అలా అనాల్సింది కాదు, అయినా అన్నందుకు నేను ఈరోజుకీ బాధపడను.

మాస్టారు కాదనలేదు. ఒకసారి చూద్దాం అన్నారు. తాడు కుడిచేత్తో, కర్ర ఎడమచేత్తో పట్టుకుని తిరిగాను. నా తాడు నాకే అడ్డం. ఎదురొచ్చిన ప్రతి పిల్లా నా దగ్గర ఆగాల్సి వస్తోంది. రెండు చుట్లు తిరిగేసరికి తాళ్లన్నీ ముద్దయ్యాయి. "మళ్లీ మొదలెట్టేవా తల్లీ," అని ఎవరో విసుక్కున్నారు. మాస్టారు నన్ను పక్కకి పిలిచారు.

"కుదరదమ్మా. పదిహేను మందిని నీ కోసం తిప్పలేను కదా. కుడిచేత్తో ఆడతానంటే నీ చోటు నీదే. నువ్వే ఆలోచించుకో."

నేను వెనక్కి తిరిగి చూశాను. అందరూ అక్కడే నిలబడి తాళ్ల చిక్కు విడదీసుకుంటున్నారు. ఎదురింటి పిల్ల కూడా ఉంది. ఉండవే, మానకే, అని ఒక్కళ్లన్నా అంటారని ఆగాను. ఒక్కళ్లు అంటే చాలు, బహుశా మళ్లీ కుడిచేత్తోనే కర్ర పట్టుకునేదాన్నేమో. ఎవరూ తలెత్తలేదు.

"అయితే మానేస్తానండి," అన్నాను.

నా చోట్లో ఎనిమిదో తరగతి పిల్లని తీసుకున్నారు. రెండు రోజుల తర్వాత ఎదురింటి పిల్ల మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి గోళ్లు చూసుకుంటూ, "నీ లంగా, ఓణీ ఇస్తావేంటే? ఆ పిల్లకి కుట్టించే టైం లేదంట. ఉతికి ఇచ్చేస్తాంలే," అంది.

ట్రంకు పెట్టె తీసి, మడత విప్పకుండా తెచ్చి ఇచ్చాను. ఓణీ కొసకి ఇంకా తీర్థం నాటి గంధం వాసన ఉంది. బట్టలు తీసుకున్నాక కూడా ఆ పిల్ల వెళ్లలేదు.

"ఎందుకే నీకింత పంతం? కాసేపు కుడిచేత్తో ఆడితే నీ సొమ్మేం పోయింది? బానే ఉన్నాం కదా అందరం," అంది. కోపంగా అనలేదు. దానికి నిజంగానే అర్థం కాలేదు.

మా అమ్మ నిన్ను చూసి నేననుకుందే, అని చెబుదామనుకున్నాను. చెబితే నవ్వుతుంది. నవ్వకపోతే జాలిపడుతుంది. రెండూ నాకు అక్కర్లేదు. "ఏమో, నాకు చేతకావట్లేదు," అన్నాను. అది వెళ్లిపోయింది. మర్నాడు గట్టు మీద నా కోసం ఎవరూ ఆగలేదు. ఈసారి నేనూ తొందరపడలేదు, వెనకాలే తొక్కుకుంటూ వెళ్లాను. వెనకాల ఉండడం అంతకుముందు కూడా ఉన్నదే. కానీ ముందుకెళ్లి వచ్చాక వెనకాల ఉండడం మరీ కష్టంగా ఉంది.

ఆ ఊరి తీర్థం రోజున మాస్టారు, "నువ్వూ వ్యానులో రామ్మా, చూద్దువుగాని," అన్నారు. రానని చెప్పాల్సింది. వెళ్లాను. ఇంట్లో కూర్చుంటే వాళ్లు ఆటలో ఎక్కడ దాకా వచ్చి ఉంటారో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలని తెలుసు. నా పాత పసుపు చుడీదారు వేసుకుని, వాళ్ల పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని వ్యాను చివర సీట్లో కూర్చున్నాను.

తీరా అక్కడికి వెళ్లేసరికి ఒక చిక్కొచ్చిపడింది. ఆ ఊరి గుడి ముందు మట్టి వాకిలి లేదు. ఆ మధ్యనే నున్నగా టైల్సు వేయించారు. గెడ పాతడానికి బెత్తెడు మట్టి లేదు. ఆ ఊరివాళ్లు సిమెంటు పోసిన పెయింటు డబ్బా ఒకటి తెచ్చి గెడ అందులో దింపారు గానీ, తాడు లాగితే చాలు ఊగిపోతోంది.

"ఎవరో ఒకళ్లు కింద కూర్చుని పట్టుకోవాలమ్మా," అన్నారు మాస్టారు.

అందరూ నా వంక చూశారు. ఏ పనీ లేనిదాన్ని నేనే కదా.

డబ్బాకి అటొక కాలూ ఇటొక కాలూ వేసి కూర్చుని, రెండు చేతులతో గెడ పట్టుకున్నాను. డప్పులు మొదలయ్యాయి. నా నెత్తి మీద తాళ్లు పరుచుకున్నాయి. పదహారు అరిటాకు రంగు లంగాలు నా చుట్టూ తిరుగుతున్నాయి. ఒక్కోసారి అంచు వచ్చి నా మోకాలికి తగులుతోంది. అందులో ఒకటి నాదే. ఎనిమిదో తరగతి పిల్ల పొట్టిది, లంగా పైకి దోపుకుంది. అడుగులు బాగానే వేస్తోంది. అంతమంది అంత దగ్గరగా తిరుగుతూ ఒక్కళ్లు కూడా నన్ను చూడలేదు. నన్ను చూస్తే అడుగు తప్పుతుంది, వాళ్ల తప్పేం లేదు. నా కుడిచేతి వేళ్లు మాత్రం గెడ మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు కొట్టుకుంటూనే ఉన్నాయి. నేను మానేశానన్న సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. అంత ఒంటరితనం నేను మళ్లీ ఎప్పుడూ ఎరగను, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా.

జడ అల్లుకుంటూ అల్లుకుంటూ దాదాపు నా తల దాకా దిగింది. మాస్టారు విజిల్ ఊదారు. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగారు. వెనక్కి తిరిగే ముందు ఒక్క క్షణం అలా నిలబడాలి. ఎదురుగా జనంలో ఎదురింటి అత్త ఫోన్ పట్టుకుని ఉంది. నేను ఎడమచెయ్యి గెడ మీద నుంచి తీశాను. పైకెత్తి ఊపాను. గెడ కొంచెం ఊగింది.

"గెడ వదిలేవేంటే! బుద్ధుందా?" అంది ఎదురింటి పిల్ల, పెదాలు కదపకుండా. మళ్లీ పట్టుకున్నాను. వాళ్లు వెనక్కి తిరిగారు. జడ విడిపోయింది. చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో నాతో ఎవరూ మాట్లాడలేదు, పూలబుట్ట కూడా వేరే పిల్ల పట్టుకుంది.

అత్త పుణ్యాత్మురాలు, అడగకుండానే వీడియో అమ్మకి పంపించింది.

శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"ఈసారి వెతుక్కోలేదే!" అంది అమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "ఆ చెయ్యి లేవగానే, అదుగో మా పిల్ల అని గట్టిగా అరిచేసేను. ఇక్కడ మేడం వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది, ఏమైందోనని. నేనూ ఊపేనే, పుర్రచేత్తోనే, ఫోన్ వంక చూసి. పిచ్చిదాన్నిలే."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"అవునే," అంది అమ్మ. "మరి మొన్న నేను చూసింది ఎవర్ని?"

"ఎదురింటి పిల్లని."

"నువ్వేనా అని అడిగితే ఆయ్ అన్నావు కదే."

అమ్మ ఇంక రెట్టించలేదు. ఆ దూరం నుంచి ఏం అర్థమైందో ఏమో, గొంతు మార్చేసి, హుషారుగా అంది:

"సరేలే, పోనీ. ఇన్నాళ్లూ నువ్వు ఒక్కదానివే అయిపోయేవేమో అని నాకు ఒకటే బెంగ. మీ అమ్మమ్మని అడిగితే ఏదీ సరిగ్గా చెప్పదు. ఇప్పుడు నా కళ్లారా చూసేను. నిన్ను మధ్యలో కూచోబెట్టి, అంతమంది నీ చుట్టూరా తిరుగుతున్నారే! ఎంతమంది స్నేహితులే నీకు! ఇంక నాకు బెంగ లేదు."

వీధిలో సైకిలు బెల్లులు వినపడ్డాయి. ట్యూషన్ నుంచి అందరూ కలిసి వస్తున్నారు. మా గుమ్మం ముందు నుంచే నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఫోన్ నా ఎడమచేతిలో ఉంది. అమ్మ ఆ చప్పుడు విన్నట్టుంది.

"వాళ్లేనా? నీకోసమే వచ్చేరా?" అంది.

"ఆయ్ అమ్మా," అన్నాను. "నాకోసమే."